ప్రాణానికేం ప్రమాదం లేదు

మొగపాలెం,
22 జూన్ 2024.

ప్రసాదూ,

నువ్వు ఆరుసార్లు ఫోన్ చేశావు. చూస్తూనే ఉన్నాను, తియ్యలేదు. కోపం కాదురా, నీ గొంతంటే భయం. ఏడేళ్లపాటు ఆ సీరియల్లో డాక్టరు వేషం కట్టి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, కళ్లజోడు తీసి, "ప్రాణానికేం ప్రమాదం లేదు" అన్నావు. ఈ తీరం మీద ఆడవాళ్లందరూ టీవీల ముందు కూర్చుని దణ్ణాలు పెట్టుకున్నారు. లోపల మంచం మీద ఉన్నది దిండు అని తర్వాత నువ్వే చెప్పి నవ్వావు. టీవీ వదిలేసి పాస్టరువయ్యావు. బట్టలు మారాయి గానీ గొంతు అదే. ఫోన్లో నువ్వేం చెప్పినా నమ్మేస్తాను. అందుకని కాగితం మీద రాయి. రాతలో నీకు అబద్ధం రాదు. ఆరో తరగతిలో లీవు లెటర్లో జ్వరమని రాయరా అంటే "నాన్నతో వేటకి వెళ్లాను" అని రాసి బెత్తం దెబ్బలు తిన్నవాడివి.

జరిగింది చెప్తాను. వేట నిషేధం అయిపోగానే ఆదివారం తెల్లారి మీ నాగులు బావ, పక్కింటి బాబీ బోటు వేసుకుని వెళ్లారు. మంగళవారం మధ్యాహ్నం గాలి లేచింది. మిగతా బోట్లన్నీ ఆ సాయంత్రానికే తిరిగొచ్చాయి. వీళ్లది రాలేదు. ఇవాళ్టికి నాలుగు రోజులు. కోస్టుగార్డు వాళ్లు వెతుకుతున్నామంటున్నారు. మా అత్త పేరమ్మ ఒడ్డు మీద నుంచి కదలడం లేదు. బాబీ పెళ్లాం రామతులసికి నాలుగో నెల. ఆ పిల్లని చూడలేకపోతున్నాను.

ఆయన లేకపోతే నేనూ ఉండను ప్రసాదూ. ఇది ఊరికే రాస్తున్న మాట కాదు. నువ్వు ప్రార్థన చేస్తే దేవుడు నీకు చెప్తాడని మీ విజయవాడలో అనుకుంటారట. చెప్తే రాయి. చెప్పకపోతే ఏమీ తెలియలేదని రాయి.

ఈ కాగితం యేసుబాబు చేపల వ్యానులో పంపిస్తున్నాను. మార్కెట్లో సరుకు దింపి, తొమ్మిదింటికి ఖాళీ ట్రేలతో తిరిగొస్తాడు. జవాబు వాడి చేతికియ్యి.

నీ అక్క
పద్మశ్రీ

*

భవానీపురం, విజయవాడ,
23 జూన్ 2024, ఆదివారం.

అక్కకి ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉండనని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ రాయొద్దు. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది నువ్వే.

వద్దామని బయల్దేరాను కూడా. కానీ గంగమ్మ జాతరకి రానన్నానని మీ ఊరి పెద్దలు నా మీద మండిపడుతున్నారు. ఈ కష్టంలో నా వల్ల ఇంకో గొడవెందుకని ఆగిపోయాను. ఇవాళ ఆరాధనలో అందరం బావ కోసం, బాబీ కోసం ప్రార్థన చేశాం. అందరూ వెళ్లాక నేనొక్కణ్ణే హాల్లో మోకాళ్ల మీద ఉండిపోయాను. చాలాసేపటికి మనసుకి నెమ్మది దొరికింది. బావ వస్తాడు అక్కా, బాబీ కూడా. నువ్వు అన్నం తిను.

మా సంఘంలో మాణిక్యమ్మ గారని పెద్దావిడ ఉన్నారు. నాకు వండి పెట్టేది ఆవిడే. నీకని మాగాయ సీసా ఇచ్చారు. యేసుబాబుకి జాగ్రత్తగా అప్పజెప్పాను. వాడు దాన్ని రొయ్యల ట్రేలో పెడుతుంటే తిట్టాను.

నీ తమ్ముడు
ప్రసాద్

*

మొగపాలెం,
25 జూన్.

ప్రసాదూ,

అక్కకి వందనాలెందుకురా, నేనేమైనా మీ సంఘం దాన్నా? మాగాయ అందింది. దాంతోనే అన్నం తిన్నాను, ఆరు రోజుల తర్వాత.

నీ ఉత్తరాన్ని ఒడ్డు మీద నిలబడి పైకి చదివాను. "బావ వస్తాడు" అన్న చోట రామతులసి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మళ్లీ చదువక్కా" అంది. నాలుగుసార్లు చదివించింది. మా అత్త మాత్రం సముద్రం వైపు నుంచి మొహం తిప్పకుండా, "ఆ మాట దేవుడు చెప్పాడంటనా, మీ తమ్ముడు చెప్పాడా?" అంది. ఆవిడ నోరు నీకు తెలుసు కదా, ఉప్పు గాలికి కూడా తుప్పు పట్టదు.

కానీ ఆ మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మనసుకి నెమ్మది దొరికిందన్నావు. అంటే నీకు తెలిసిందనే కదా? నేను తప్పుగా అనుకుంటే ఇప్పుడే చెప్పు. ఇప్పుడైతే తట్టుకోగలను. నువ్వేమీ రాయకపోతే నిజమనే అనుకుంటాను.

నీ అక్క
పద్మశ్రీ

*

భవానీపురం,
30 జూన్.

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. శుక్రవారం బాపట్ల వైపు తీరానికి ఒక శవం కొట్టుకొచ్చిందని పోలీసులు మీ పెద్దలకి ఫోన్ చేశారట. నువ్వు తట్టుకోలేవని పెద్దలు నన్ను వెళ్లి చూడమన్నారు. నిన్న వెళ్లాను. బ్యారేజీ దాటడానికే ముప్పావుగంట పట్టింది. కారుకి ఏసీ పనిచెయ్యలేదు. దారిలో రెండుచోట్ల టీ తాగాను. ఆసుపత్రి వెనకాల వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. అక్కడి బంట్రోతు నన్ను గుర్తుపట్టి, "డాక్టరుగారూ" అన్నాడు. మా ఆవిడ మీ సీరియల్ ఒక్క రోజు కూడా వదిలేది కాదండీ అన్నాడు.

బావ కాదు అక్కా. ఎవరో పొడుగు మనిషి.

ఇవాళ సంఘంలో ఆ సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోన్లో తీశారు కూడా. తియ్యొద్దని అనాలనుకునేలోపే అయిపోయింది. ఒంట్లో బాగాలేదు, ఎక్కువ రాయలేను.

ప్రసాద్

*

మొగపాలెం,
9 జూలై.

మా ప్రసాదుకి,

నీ వీడియో ఇక్కడ అందరి ఫోన్లలోకీ వచ్చింది. "మా బావ సజీవుడు" అని అందులో అంటున్నావు. గొంతు వద్దన్నదాన్ని, రోజుకి పదిసార్లు వింటున్నాను. ఇప్పుడు వినొచ్చు, కాగితం మీద కూడా అదే రాశావు కాబట్టి. పక్క పాలేల నుంచి ఆడవాళ్లు వస్తున్నారు. ఎప్పుడో తుఫానుకి పోయిన వాళ్ల గురించి కూడా నిన్ను అడిగి చెప్పమంటున్నారు. మా తమ్ముడు సోదె చెప్పేవాడు కాదమ్మా, పాస్టరు అని చెప్పి పంపిస్తున్నాను.

ఇంట్లో మాత్రం యుద్ధం. సముద్రంలో పోయినవాళ్లకి గడ్డిబొమ్మ చేసి కాల్చి, దినం చేసి పిండం పెట్టడం మా వాళ్ల ఆచారం, నీకు తెలుసు. అత్త దానికి మంగలిని కూడా పిలిపించింది. గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. "నా కొడుకు ఆకలితో తిరుగుతున్నాడే, నాకు కలలో కనపడతన్నాడు, ఇంత ముద్ద పెట్టనియ్యవే" అని కాళ్లు పట్టుకుంది. కన్నతల్లికి కొడుకు చావు మీద ఇంత తొందరేమిట్రా? బతికున్నవాడికి పిండం పెడితే వాడు నిజంగా పోతాడు. "నీ నోటితో ఆయన్ని చంపకు" అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడటం లేదు.

రామతులసిని తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న అంతోని వచ్చాడు. ఆ పిల్ల వెళ్లనంది. బాబీ వచ్చేసరికి ఇంట్లో ఉండాలట. నీ వీడియో చూపిస్తే ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు.

ఒంట్లో ఎలా ఉంది? మిరియాల పాలు తాగు.

నీ అక్క
పద్మశ్రీ

*

భవానీపురం,
14 జూలై.

అక్కా,

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. పేరమ్మత్త చెప్పినట్టు చేస్తే పోయేదేముంది? పెద్దావిడ మనసు కుదుటపడుతుంది. చేసినంత మాత్రాన వచ్చేవాడు రాకుండా పోడు. నేను చేసే ప్రార్థనకి, ఆవిడ పెట్టే ముద్దకి పోటీ ఎందుకు? ఆవిడ కాళ్లు పట్టుకుందని చదివాక నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ హాలు సరిపోవడం లేదు. మెట్ల మీద, రోడ్డు మీద కూర్చుంటున్నారు. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు పట్టుకొస్తున్నారు. నిన్న గవర్నర్‌పేట నుంచి ఒక తండ్రి పిల్లని భుజాన వేసుకొచ్చాడు. "అయ్యగారూ, మీ బావగారికి చెప్పినట్టు నా బిడ్డకి కూడా ఒక్క మాట చెప్పండి" అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. కదలడే. మాణిక్యమ్మ గారు ఆటో పిలిచి ఎక్కించి పంపారు. నేను లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను.

నాకు ఈ పని చేతకాదేమో అనిపిస్తోంది. వదిలేసి ఎటైనా వెళ్లిపోదామనిపిస్తోంది.

అత్త మాట విను. నా కోసం విను.

ప్రసాద్

*

మొగపాలెం,
17 జూలై.

ప్రసాదూ,

నీ ఉత్తరం చదివి మొదట విసిరికొట్టాను. తర్వాత అర్థమైంది. నన్ను పరీక్షిస్తున్నావు. మాణిక్యమ్మ గారు పంపిన చిన్న సువార్త పుస్తకం రోజూ కొంచెం చదువుతున్నాను. నీళ్ల మీద నడిచిన శిష్యుడు మధ్యలో అనుమానపడి మునగబోయాడని ఉంది కదా. నేను మునగను. నేను ఆ మాత్రం కూడా తెలియనిదాన్ని అనుకున్నావా?

అత్త మంగళవారం నుంచి అన్నం మానేసింది. కొడుక్కి పెట్టకుండా తను తినదట. బెదిరింపు అనుకుంటున్నాను. ఆయన వచ్చాక ఆయనే తినిపిస్తాడులే.

ఎప్పుడొస్తాడో తెలిస్తే బాగుండేది. తేదీ అడక్కూడదా? అడగొచ్చంటే అడిగి రాయి.

నీ అక్క
పద్మశ్రీ

*

మొగపాలెం,
1 ఆగస్టు, తెల్లవారుజాము.

ప్రసాదూ,

మా అత్త మొన్న సాయంత్రం పోయింది.

చివరి రోజు నన్ను పిలిచి, "పెట్టవా?" అంది. నేను, "వస్తాడత్తా" అన్నాను. అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

తల్లికి కొరివి పెట్టాల్సింది కొడుకు. ఆయన ఒక్కడే కొడుకు. మరిది వరసవాడు పెడతానని ముందుకొచ్చాడు, ఒప్పుకోలేదు. రేపో ఎల్లుండో వచ్చి, "నేనుండగా మా అమ్మకి వేరేవాడి చేత ఎందుకు పెట్టించావు" అంటే ఏం చెప్పను? ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి, చేపలు పోసే పెద్ద తొట్టిలో ఆవిడని పడుకోబెట్టాను. రెండు పూటలకోసారి ఐసు మారుస్తున్నాం. పెద్దలు తిడుతున్నారు. నాకు పిచ్చెక్కిందని అంటున్నారు. రామతులసి ఒక్కతే నా వైపు నిలబడి, కడుపుతో ఉండి కూడా ఐసు కొట్టి ఇస్తోంది.

రెండు రోజులు గడువిచ్చారు. రేపు పొద్దుటితో అయిపోతుంది. ప్రార్థన చెయ్యి. త్వరగా పంపించమని చెప్పు. ఇంకేమీ అడగను, ఈ ఒక్కసారికి త్వరగా పంపించమను. మొన్నటి నుంచి సముద్రం వైపే చూసి చూసి నా కళ్లు మండిపోతున్నాయి.

అక్క

*

భవానీపురం,
1 ఆగస్టు, పొద్దున ఎనిమిది.

అక్కా,

పేరమ్మత్తని ఐసులోంచి తియ్యండి. బావ రాడు. ఈ కాగితం చేతికి రాగానే ఆ వరసైనవాడి చేత కొరివి పెట్టించండి. యేసుబాబుని ఎక్కడా ఆగొద్దని చెప్పాను.

బాపట్ల వైపు నేను చూసింది బావనే. గుడ్డ తీసేసరికి మొహం గుర్తుపట్టేలా లేదు. కుడి చేతి మీద పచ్చబొట్టు ఉంది. పుష్కరాలప్పుడు దుర్గాఘాట్ దగ్గర మీరిద్దరూ కూర్చుని వేయించుకున్నారే, నీ పేరు, పక్కన చేప. నేనే డబ్బులిచ్చాను. ఎస్సై "మీవాడేనా?" అన్నాడు.

అప్పటికి నువ్వు నా ఉత్తరాన్ని ఒడ్డు మీద చదివేశావు. ఆయన లేకపోతే ఉండనని రాశావు. ఇంకొకటి కూడా ఉందక్కా, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొగుడు పోయిన ఆడపిల్లకి దినం రోజున పుట్టింటి నుంచి చీర తేవాలి. నీ పుట్టిల్లంటే ఇప్పుడు నేనే. ఆ చీర చేత్తో పట్టుకుని నీ గుమ్మంలో నిలబడటం నాకు కనిపించింది. "కాదండీ" అన్నాను. ఎంత బాగా అన్నానంటే ఆయన రెండోసారి అడగలేదు. మూడు రోజులు చూసి, దిక్కులేని శవమని అక్కడి శ్మశానంలో పూడ్చేశారు. నంబరు రాసిన రాయి ఉంటుందని బంట్రోతు చెప్పాడు.

దేవుడు నాకు ఏమీ చెప్పలేదు. ఆ ఆదివారం కూడా చెప్పలేదు, అంతకు ముందూ చెప్పలేదు. నేను ప్రార్థన చేస్తాను, అది అబద్ధం కాదు. జవాబు మాత్రం ఎప్పుడూ వినలేదు. నాకు తెలియదని రాయడానికి కలం పెట్టి, వస్తాడని రాశాను. నువ్వు తప్పుగా అనుకుంటే చెప్పమన్నావు. చెప్పలేదు. ప్రతి రోజూ రేపు చెబుదామనుకున్నాను. పేరమ్మత్తని చంపింది నేనే.

ఇప్పుడే స్టేషనుకి వెళ్లి అంతా రాసిస్తాను. ఆదివారం సంఘానికి కూడా చెప్తాను. నువ్వు మాత్రం ఏ అఘాయిత్యం చేసుకోకు. చేతులు జోడించి అడుగుతున్నాను.

ప్రసాద్

*

మొగపాలెం,
7 ఆగస్టు.

ప్రసాద్,

నీ ఉత్తరం కూడా అలవాటు ప్రకారం ఒడ్డు మీద పైకే చదవడం మొదలుపెట్టాను. అందరూ మూగారు, తేదీ రాశావేమోనని. మొదటి రెండు వాక్యాలు అందరూ విన్నారు. రామతులసి చేతిలో ఐసు కొట్టే సుత్తి అలాగే ఉండిపోయింది.

అత్తని నేనే తొట్టిలోంచి తీయించి, ఒళ్లు తుడిచి, చీర కట్టాను. రెండు రోజులు ఐసులో ఉన్న మనిషి కాళ్లు ఎంత బిగుసుకుపోతాయో నువ్వు చూసి ఉండాల్సింది. సాయంత్రానికి కాల్చారు. పెట్టవా అని అడిగిన మనిషికి నేనిచ్చిన జవాబు నీ మాట. నువ్వు చంపానని రాశావు. ముద్ద పెట్టనివ్వనిది నేను. నీ ఒక్కడికే ఆ పాపం వదిలెయ్యను, నాదీ ఉంది.

శనివారం పోలీసులు తీసుకెళ్లి రాయి చూపించారు. పదిహేడో నంబరు. తవ్వించమంటే తవ్విస్తామన్నారు, వద్దన్నాను. ఎన్నిసార్లని చూస్తారు ఆయన్ని. మట్టి మూట కట్టుకుని తెచ్చాను. ఆదివారం పదకొండో తారీఖున తల్లికీ కొడుక్కీ కలిపి దినం చేస్తున్నాం.

నన్ను బతికించడానికి అబద్ధమాడానన్నావు. నలభై రోజులు నేను అన్నం తిన్నాను, నవ్వాను, నీ వీడియో చూసి మురిసిపోయాను. ఆయన అక్కడ నంబరు కింద పడుకుని ఉన్నాడు. మొగుడు పోతే ఏడవాల్సిన రోజులు నాకు లేకుండా చేశావు. ఇప్పుడు ఏడుద్దామంటే అత్త కోసం ఏడవాలో ఆయన కోసం ఏడవాలో తెలియడం లేదు. కన్నతల్లి తన కొడుకు చావుని పసిగట్టి చెప్తుంటే, ఆవిడ్ని శత్రువులా చూశాను. ఇది నువ్వు ఎవరి ముందు మోకాళ్లూనినా తీరదు.

నేను చావను. భయపడకు. డిసెంబరులో రామతులసికి పురుడు పొయ్యాలి.

ఆ పిల్ల ఇంకా బొట్టు తియ్యలేదు. నిన్న నన్ను అడిగింది: "అక్కా, పాస్టరుగారు నాగులు మావ గురించే గదా అబద్ధం చెప్పింది. బాబీ గురించి చెప్పింది నిజమే అయ్యుండొచ్చు గదా?" నేనేం చెప్పినా వినదు. నా మాటకి ఆ బలం లేదు.

పుట్టింటి నుంచి నాకు చీర తెచ్చేవాడివి నువ్వొక్కడివే. ఆదివారం మీకు ఆరాధన ఉంటుంది. వాళ్లకేం చెప్పుకుంటావో నీ ఇష్టం. పెద్దలతో మాట్లాడాను, నిన్నెవరూ ఏమీ అనరు. పొద్దున పదింటికల్లా రా. చీర నాకిచ్చాక రామతులసి ఎదురుగా కూర్చుని, బాబీ ఉన్నాడో లేడో నీకు తెలియదని చెప్పాలి. ఆ పిల్ల ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు తెలియదనే చెప్పాలి.

చీర యేసుబాబు వ్యానులో పంపావో, సముద్రంలో పడేస్తాను.

అక్క